మృగయా వర్ణనల్లో ‘పసి’: ఆదిపర్వ, అరణ్యకాండల ఆధారంగా ఒక పరిశీలన

‘పసిగట్టు’ అనే క్రియను నేడు మనం పోలీసులకూ పాత్రికేయులకూ వాడుతున్నాము. దొంగ జాడ పసిగట్టారంటాము, ప్రత్యర్థి ఎత్తు పసిగట్టాడంటాము. అసలు ఇది వేట మాట. గాలిలో తేలివచ్చే వాసనను మృగమో, వేటకుక్కో పట్టుకోవడమే పసిగట్టడం. నగరవాసి అయిన తెలుగువాడి నాలుక మీద కూడా ఈ మాట ఇంకా బతికి ఉన్నది గనుక వేటలో వాసనకు గల ప్రాధాన్యం ఒకప్పుడు ఈ జాతికి అనుభవసిద్ధమైన సంగతేనని చెప్పవచ్చు. అటువంటప్పుడు మన కావ్యాల్లోని మృగయా వర్ణనల్లో పసి ఎందుకు కేంద్రస్థానానికి రాలేదు? వలలు, ఉరులు, డేగలు, పేరుపేరునా కుక్కలు, వాటి అరుపులు, పందుల కోరలు, బెదరిన లేళ్ల చూపులు, ఇవన్నీ విస్తారంగా ఉన్నాయి. గాలి ఏ దిక్కున వీస్తున్నదో చూచుకొని అడుగు వేసే వేటగాడు మాత్రం కావ్యనాయకుడు కాలేదు.

దీనికి తరచుగా వినబడే సమాధానం ఒకటున్నది. కవులు ఆస్థానాల్లో కూర్చుని అడవిని ఊహించారనీ, ప్రబంధాల వేట కేవలం లక్షణ గ్రంథాల పాలనేననీ అంటారు. ఈ సమాధానం సులభమైనదే గాని సరియైనది కాదని నా అభిప్రాయం. దానిని పరీక్షించాలంటే ముందు సాహిత్యేతరమైన ఒక ప్రశ్నకు జవాబు వెతకాలి. జింకజాతి మృగాన్ని వేటాడేటప్పుడు మనిషి తన వాసనను దాచుకోవడం నిజంగా అంత అవసరమా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఈ ప్రశ్న మన దేశంలో ఆచరణకు సంబంధించినది కాదు, పాఠాలకు సంబంధించినది మాత్రమే. అయినా సమాధానం మృగాన్ని బట్టి మారుతుంది. మనం ‘లేడి’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకొనే మృగాలు నిజానికి ఒక్కటి కావు. మైదానపు కృష్ణజింకకు కన్నే ప్రధానమైన రక్ష. దట్టమైన అడవిలో తిరిగే కణుజుకు చెవీ ముక్కూ ప్రధానం. దుప్పి మూడింటినీ వాడుకొంటుంది. పాపికొండల వంటి చోట, అంటే ఏటి ఒడ్డున ఏటవాలు కొండలు లేచిన చోట, గాలి కూడా ఒక్క తీరున ఉండదు. పగలు ఎండకు వేడెక్కిన గాలి లోయ నుంచి పైకి పాకుతుంది, పొద్దు వాలిన తరువాత చల్లబడి కిందికి జారుతుంది. ఉదయం మాటు వేసిన చోటే సాయంత్రం కూర్చున్న వేటగాడి వాసన నీటికి దిగివచ్చే మృగానికి ముందుగానే చేరుతుంది. కనుక మాటువేటలో వాసనను అదుపు చేయడమంటే ముఖ్యంగా గాలికి అభిముఖంగా నిలవడమే. ఒంటికి పూసుకొనే ఆకు పసరులూ, ఇప్పటి విదేశీ వేటగాళ్లు కొనే ప్రత్యేక దుస్తులూ రెండవ శ్రేణి ఉపాయాలు. 2002లో అమెరికా వన్యప్రాణి పరిశోధకుడు జాన్ షివిక్ వాసనను పీల్చుకొంటాయని చెప్పే దుస్తులను శోధక శునకాలతో పరీక్షించి, అవి కుక్కలకు పెద్ద అడ్డంకి కాలేదని తేల్చాడు. కుక్క ముక్కూ కణుజు ముక్కూ ఒకటి కావు. అయినప్పటికీ చర్మం నుంచి నిరంతరం వెలువడే దానిని బట్టతో ఆపలేమన్నది గ్రహించదగిన విషయమే.

మాటువేటకు నిజమైనది పెద్దవేటకు నిజం కానక్కరలేదు. ఇక్కడే కావ్య విమర్శలో మనం పొరబడుతున్నాము. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట గాని, పురాణేతిహాసాల్లో రాజులు సపరివారంగా సాగించే వేటలు గాని ఒంటరి వేటగాడి మాటువేటలు కావు. అవి సేనతో, డప్పులతో, కుక్కలతో మృగాలను రేపి వలల వైపు తోలే వేటలు. అటువంటి వేటలో వాసనను దాచడం అవసరం లేకపోవడమే కాదు, ప్రయోజనానికి విరుద్ధం కూడా. అరుపూ వాసనా రెండూ కలిసి మృగాన్ని కదిలించాలి. అంటే పెద్దనకు అడవి తెలియదని చెప్పడానికి గాలి లేకపోవడం సాక్ష్యం కాజాలదు. ఆయన వర్ణించిన వేటకు గాలి పట్టింపు లేదు, అంతే. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేట వేరొక సామాజిక స్థాయికి చెందినది. అయినా అది కూడా బృందపు వేటగానే మొదలవుతుంది.

లక్షణకర్తల విషయం త్వరగా చెప్పి ముందుకు సాగుతాను. దండి కావ్యాదర్శంలో లెక్కించిన పదునెనిమిది వర్ణనల్లో వేట లేదు. 14వ శతాబ్దపు విశ్వనాథుని సాహిత్యదర్పణంలో మృగయ చేరింది. లక్షణం చెప్పినందువల్లే కవులు వేటను వర్ణించారనే వాదానికి ఈ క్రమమే అడ్డు, ఎందుకంటే 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆశ్రయాన ఆంధ్రమహాభారతం ప్రారంభించిన నన్నయ నాటికే వేట ఇతిహాసంలో కథను నడిపే బలమైన సాధనం. ఇక రాజనీతి గ్రంథాల దృష్టి వేరు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో వ్యసనాలను తూచేటప్పుడు వేటను సమర్థిస్తూ వ్యాయామాన్నీ, కదిలే లక్ష్యాన్ని కొట్టే నేర్పునూ, భయకోపాల్లో మృగాల చిత్తవృత్తిని తెలుసుకోవడాన్నీ చెబుతాడు. కఫపిత్తాలతో పాటు చెమట కూడా తగ్గుతుందంటాడు. శాకుంతల ద్వితీయాంకంలో కాళిదాసు సేనాపతి పలికేదీ దాదాపు ఈ ప్రశంసే. గమనించవలసినది చెమట. వేటగాడికి అది ద్రోహం చేసే వాసన, రాజనీతిజ్ఞుడికి వదిలించుకోవలసిన శారీరక మలం. ఒకే చెమట రెండు శాస్త్రాల్లో రెండు అర్థాలతో ఉన్నది. మన కావ్యం రెండవ శాస్త్రం పక్కన నిలిచింది.

దీనికి తోడు మరొక బలమైన కారణం మన దృష్టాంత సంప్రదాయంలో ఉన్నదని నేననుకొంటున్నాను. ఒక్కొక్క ఇంద్రియానికి లోబడి నశించే అయిదు ప్రాణుల దృష్టాంతం వైరాగ్య సాహిత్యంలో సుప్రసిద్ధం. శబ్దానికి లేడి, స్పర్శకు ఏనుగు, రూపానికి మిడుత, రసానికి చేప, గంధానికి తుమ్మెద. భాగవత ఏకాదశ స్కంధంలోని అవధూత బోధలోనూ లేడి పాటకు లోబడినదే. ఈ పంపకంలో గంధం తుమ్మెద వంతుకు పోయింది, లేడికి చెవి మిగిలింది. శృంగార సంప్రదాయం లేడి నుంచి కన్నును తీసుకొని హరిణేక్షణను సృష్టించింది. కస్తూరి మృగం విషయంలో లేడి వాసనను వెదజల్లేది అయింది. తన నాభిలోని పరిమళం కోసం అడవంతా వెతికే మృగమన్న ఉపమానంలో దానికి ముక్కు ఉన్నది గాని, ఆ ముక్కు దానిని రక్షించదు, భ్రమింపజేస్తుంది. చెవి, కన్ను, నాభి ఇలా ఒక్కొక్క ప్రయోజనానికి పంచిపెట్టబడగా, శత్రువును పసిగట్టే ముక్కుకు కావ్యంలో పని మిగలలేదు.

నిఘంటువు మాత్రం ఈ సంగతిని పూర్తిగా మరచిపోలేదు. అమరకోశంలో లేడికి ‘వాతాయువు’ అనే పర్యాయం ఉన్నది. ‘వాతప్రమి’, ‘వాతమృగం’ అనేవీ ఉన్నాయి. వీటిని వేగపరంగా, గాలితో సమానంగా పరుగెత్తేదిగా చెప్పుకోవడం పరిపాటి. కాని ‘వాతప్రమి’ అన్న సమాసంలో గాలిని కొలిచేది అన్న అర్థాన్ని చూడడానికి అవకాశమున్నది. తల ఎత్తి, ముక్కుపుటాలు విప్పి, ఎటు నుంచి ఏమి వస్తున్నదో కొలుచుకొనే మృగాన్ని చూచినవారు పెట్టిన పేరు కావచ్చు. ఇది నిరూపణ కాదు, సూచన మాత్రమే. గాలికి కూడా ‘గంధవహుడు’ అనే పేరున్నది. వాయువుకు స్వతహాగా గంధం లేదు, అది పృథివి గుణం, వాయువు దానిని మోస్తుందని తార్కికులు చెప్పినదానికి అనుగుణమైన పేరిది. కాని కావ్యంలో ఈ మోతగాడు మలయపర్వతపు చందనాన్నీ పుష్పరజాన్నీ విరహిణి దగ్గరకు మోసినన్ని సార్లు వేటగాడి చెమటను లేడి దగ్గరకు మోయలేదు.

ఈ నేపథ్యంతో ఆదిపర్వాన్ని చదివితే ఒక విశేషం కనబడుతుంది. అందులో వేటలు అనేకం, వాసనలూ అనేకం. అయితే వాసన వేటకు ఉపకరించదు, వేట ఆగినచోట మొదలవుతుంది. దుష్యంతుడు సేనతో ఒక అడవిని అల్లకల్లోలం చేసి, మరొక అడవిలోని కణ్వాశ్రమ పరిసరాలకు చేరినప్పుడు వ్యాసుని మూలంలో చల్లని, పరిమళభరితమైన, పుప్పొడిని మోసే గాలి ఎదురవుతుంది. విల్లు దించిన తరువాతనే గంధవహుడు ప్రవేశిస్తాడు. పాండురాజు కిందముని కొట్టిన ఘట్టంలో మృగాలు పసిగట్టకపోవడానికి కథలోనే కారణం ఉన్నది. అవి క్రీడలో మైమరచి ఉన్నాయి. పాండుని నేరం కూడా అదే. మృగం తన సహజ రక్షణను వదులుకొని ఉన్న క్షణంలో కొట్టడం వేటతో బతికేవారు సైతం చేయని పని అన్న నింద దానిమీద పడుతుంది. ఇక్కడ వేటనీతి మృగపు ఇంద్రియాల మెలకువను ప్రమాణంగా తీసుకొన్నది. దీనిని కేవలం శాపకథగా చదివి వదలడం వల్ల మనం ఎంతో నష్టపోయాము.

మరింత ప్రధానమైనది ఉపరిచర వసువు కథ. పితృదేవతల ఆజ్ఞతో అతడు వేటకు వెళ్తాడు. వసంతవనపు పూల వాసనలు అతని మనస్సును గిరిక వైపు లాగుతాయి. మృగాన్ని పసిగట్టవలసినవాడు తానే వాసనకు చిక్కాడు. ఆ తరువాతి కథ తెలిసినదే. చేపగా శాపగ్రస్తమైన అద్రిక గర్భాన కవలలు పుడతారు. మగబిడ్డను రాజు తీసుకొంటాడు. చేపవాసన గల ఆడబిడ్డను దాశునికి ఇచ్చివేస్తాడు. ఒకే గర్భం నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు రాజగృహానికీ ఒకరు పడవకూ చేరడంలో ఆ వాసనకు గల పాత్రను విమర్శకులు మరింత గట్టిగా అడగవలసి ఉన్నది. పరాశరుని వరంతో మత్స్యగంధి యోజనగంధి అవుతుంది. ఇతిహాసం మొత్తంలో మనిషి ఒంటి వాసనను మార్చి అదుపులో పెట్టిన ఘట్టమంటూ ఉంటే ఇదే.

శంతనుడు యమునాతీరాన తిరుగుతూ అపూర్వమైన పరిమళాన్ని ఆఘ్రాణించి, అది పుట్టిన చోటు కోసం అటూ ఇటూ వెతికి, చివరకు సత్యవతిని చూస్తాడు. వేటకుక్క చేసే పని ఇదే. గాలిని పట్టి, దాని మూలాన్ని వెతుక్కొంటూ, ఎదురు నడవడం. ఆదిపర్వంలో పసిపట్టి నడిచిన నిజమైన వేట ఈ ఒక్కటేనని నేనంటాను. దానిలో వేటగాడు కురురాజు, వేటాడబడినది దాశరాజు పెంచిన కన్య. ఈ చోట తెలుగు ఒక అదనపు సౌకర్యం ఇస్తుంది. ప్రాచీన కావ్యభాషలో ‘వలపు’ అంటే ప్రేమ అనీ సువాసన అనీ రెండర్థాలు. ‘వలచు’ అంటే ప్రేమించడమూ, పరిమళించడమూ. శంతనుని కథలో ఏది ముందో విడదీయలేని స్థితికి సంస్కృతం రెండు మాటలు వెచ్చించాలి, తెలుగుకు ఒకటి చాలు.

గోదావరి డెల్టా పాఠకుడికి ఈ కథ దూరపు యమునది కాదు. చేపల తట్టతో బస్సెక్కిన స్త్రీని వెనుక సీట్లకు జరగమనడం, అదే చేప పులస అయితే దాని పులుసు వాసనను ఊరంతా మెచ్చుకోవడం, రెండూ ఇక్కడ కళ్లెదుట జరిగేవే. వాసనకు ఉన్న విలువ వస్తువులో లేదు, ఎవరి ఒంటి మీద ఉన్నదన్న దానిలో ఉన్నది. ఆదిపర్వంలోని పరాశర వరం చేపవాసనను తీసివేసింది గాని, ఆ వాసన వల్ల ఒక బిడ్డను ఇచ్చివేసిన నిర్ణయాన్ని ప్రశ్నించలేదు.

ఏకలవ్యుని ఘట్టంలో ఇదే ధోరణి మరొక రూపంలో కనబడుతుంది. పాండవుల వేటకుక్క అడవిలో అతనిని చూచి మొరుగుతుంది. మూలంలో అతని నల్లని ఒళ్లు, మురికి, కృష్ణాజినం వర్ణింపబడతాయి. అవన్నీ కుక్క కంటికి కనిపించినవిగా ఉన్నాయి. ముక్కే సర్వస్వమైన ప్రాణికి కవి కన్ను ఇచ్చాడు, ఆ కన్ను కూడా ఒక రాజపుత్రుని కన్నులా చూచింది. నిజానికి కృష్ణజింక చర్మం కప్పుకొన్న మనిషి దగ్గర వేటకుక్క మొరగడానికి చర్మపు వాసన ఒక్కటే చాలు. అది శిక్షణ పొందిన కుక్క తన పని తాను చేయడమే అవుతుంది. కథ ఈ కారణాన్ని వాడుకోలేదు, నైషాది రూపాన్నే కారణంగా నిలిపింది.

దశరథుని శబ్దభేది కథ ఈ చర్చలో తప్పనిసరి. రాత్రివేళ సరయూ తీరపు నీటిరేవు దగ్గర ఏనుగుకో అడవిదున్నకో మాటు వేసిన దశరథుడు కుండ నిండే చప్పుడుకు బాణం వేస్తాడు. నేను పైన చెప్పిన రెండు రకాల్లో ఇది మాటువేట, గాలి అన్నింటికన్నా ముఖ్యమైన వేట. అతడు నమ్ముకొన్నది ఒక్క చెవినే. మునికుమారుడికీ, నీటికి వచ్చే మృగానికీ తేడాను అడవిలో మరే ప్రాణి అయినా చప్పుడుతో గాక వాసనతో పోల్చుకొంటుంది. ఒక్క ఇంద్రియంలో అసాధారణ నైపుణ్యం తక్కిన వాటి లోపాన్ని కప్పిపుచ్చడమే ఆ విషాదానికి మూలం. ‘శబ్దభేది’ని విద్యగా కీర్తించే మన అలవాటును రామాయణమే సమర్థించదు.

చివరగా గోదావరి తీరానికి వస్తాను. పంచవటి గోదావరి ఒడ్డున ఉన్నదని వాల్మీకి చెబుతాడు. భద్రాచలం సమీపాన ఉన్న పర్ణశాలే మాయలేడి వచ్చిన చోటని తెలుగువారి స్థలసంప్రదాయం. మారీచుడు ధరించిన రూపం మనకు కంఠస్థమే. బంగారు మేను, వెండి చుక్కలు, మణుల కొమ్ములు. మన చిత్రాల్లో, నాటకాల్లో, పిల్లల కథల్లో మిగిలినది ఈ రంగే. కాని వాల్మీకి అరణ్యకాండలో ఆ వర్ణన మధ్య ఒక చిన్న సంగతి ఉన్నది. అడవిలో తిరిగే తక్కిన మృగాలు ఆ లేడిని చూచి, దగ్గరకు వచ్చి, వాసన చూచి, పది దిక్కులకూ పరుగెత్తిపోయాయి. మృగాలను చంపి తినే స్వభావం గల మారీచుడు తన అసలు భావాన్ని దాచుకోవడానికి వాటిని తాకినా తినకుండా నిగ్రహించుకొన్నాడని కూడా కవి చెబుతాడు. నడకను, మేతను, ఆకలిని అన్నింటినీ అతడు అదుపు చేశాడు. వాసనను అదుపు చేయలేకపోయాడు.

వాసనను దాచడం నిజంగా ముఖ్యమా అన్న ప్రశ్నకు మన ఇతిహాసం ఇచ్చిన అత్యంత సూటియైన జవాబు ఇక్కడ ఉన్నదని నా వాదం. ఇది మృగయా వర్ణన కాదు గనుకనే వేట గురించి చదివేవారి చూపు దీనిమీద పడలేదు. కాని ఇది వేటే. ఇటువంటి మృగరూపంతోనే వేటకు వచ్చిన రాజులను మారీచుడు చంపాడని లక్ష్మణుడు ఆ వెంటనే చెబుతాడు. అంటే వేటగాళ్లను వేటాడే వేషం అది. ఆ వేషం లేళ్ల ముందు ఒక్క క్షణం కూడా నిలవలేదు, మనుషుల ముందు నిలిచింది. లక్ష్మణుని సందేహం కూడా ముక్కు చెప్పినది కాదు, అటువంటి లేడి లోకంలో లేదన్న తర్కమూ, మారీచుని పూర్వచరిత్ర జ్ఞానమూ చెప్పినది. రాముడు దానిని విన్నాడు, అయినా వెళ్లాడు.

కావ్యపు వేట వర్ణనల్లో లేడికి లేకుండా పోయిన ముక్కు ఇక్కడ లేళ్ల మందకు తిరిగి వచ్చింది. దానిని ఎవరూ చదవలేదు. ఆ సమయంలో సీత కర్ణికారాలూ అశోకాలూ మామిడి పూలూ కోస్తూ ఉన్నదని వాల్మీకి చెబుతాడు. ఆమె చేతినిండా పరిమళమే ఉన్నది. కాస్త దూరంలో లేళ్లు పరుగెత్తుతున్నాయి.